మోరియా పేరుకి రెండర్థాలు

ఇప్పటికీ ముక్తేశ్వరం మీదుగా వెళ్ళేటప్పుడు, నానబెట్టిన కొబ్బరి పీచు కుళ్ళు వాసన బస్సు కిటికీలోంచి గుప్పుమంటే, కాట్రేనికోన అవతల సముద్రం పక్కనుండే మా ఊరూ, ఆ ఊళ్ళో మా దడి అవతలి మోరియా గుర్తుకొస్తాయి.

మోరియా నా ఈడుది. మాకు వినాయక చవితైనా, వాళ్ళకి క్రిస్మసైనా, పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు ఆవిరి చల్లారకుండానే దడి మీదుగా చేతులు మారేవి. ఎండాకాలం సాయంత్రాలు ఎండు చేపల వాసన మధ్య, సరుగుడు తోపు దాటి ఇసక దిబ్బెక్కి, పరికిణీల నిండా ఇసక పోసుకుని కిందికి జారేవాళ్ళం. కొండన్నది ఎరగని పిల్లలం గనక ఆ దిబ్బే మాకు కొండ.

మోరియాకి ఆ పేరు పెట్టింది వాళ్ళ తాతగారు. అరుగు మీద వల బాగుచేసుకుంటూ ఆయనే ఓసారి నాకు చెప్పేరు.

"అది బైబిల్లోని హెబ్రీ మాటమ్మా. పూర్వం ఒకాయన దేవుడడిగేడని కన్నబిడ్డని బలివ్వడానికి ఓ కొండ మీదికి తీసుకెళ్ళేడు. ఆఖరి క్షణంలో దేవుడే చూసి ఆపేడు. ఆ కొండ పేరు మోరియా. చూపు అని అర్థం."

"దేవుడు అన్నీ చూస్తాడాండీ?"

"ఆయ్, అన్నీ."

మాకు తొమ్మిదేళ్ళప్పుడు, కార్తీకమాసంలో తుఫానొచ్చింది. మోరియా నాన్న సుందరం బాబాయిగారు మమ్మల్నందర్నీ తుఫాను షెల్టరు మేడ మీదికి ఎక్కించి, నడవలేని పొరుగింటి ముసలమ్మగారి కోసం మళ్ళీ దిగేరు. పట్టపగలే ఆకాశం మసిబారి, సముద్రం ఊళ్ళోకి వచ్చేసింది. మోరియా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. నేను దాని పరికిణీ కుచ్చెళ్ళు గుప్పిట్లో బిగించి, కింద కూచుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"నాన్న వస్తున్నాడే, మామ్మగార్ని వీపునేసుకుని. లేచి చూడు," అంది. కాసేపటికి మళ్ళీ, "చూడవే! నాన్న!" అంది. అప్పటికి దాని గొంతు దానిది కాదు. నేను కళ్ళు తెరవలేదు.

నీరు తీసేక మగవాళ్ళు అడిగితే మోరియా మడ అడవి వైపు చెయ్యి చూపించింది. ముసలమ్మగారు ఆ దారిలోనే ఓ కంపకి చిక్కుకుని, ప్రాణం లేకుండా కనిపించేరు. బాబాయిగారు మాత్రం కనపడలేదు. రెండు రోజులు వెతికేక ఎవరో, "చిన్నపిల్ల, ఏం చూసిందో ఏవిటో," అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వూ పక్కనే ఉన్నావు కదమ్మా, ఎటు కొట్టుకుపోయేరు?" అని అడిగేరు. చూళ్ళేదని చెప్పడానికి సిగ్గేసి తలొంచుకున్నాను. ఆ మౌనంతో మోరియా మాటకి విలువ లేకుండా పోయింది. వాళ్ళు మడ అడవి వదిలేసి సముద్రపొడ్డుకి వెళ్ళిపోయేరు. ఆయన దొరకనే లేదు.

బాబాయిగారి కోసం అమలాపురం నించి ప్రార్థనకొచ్చిన చర్చి అయ్యగార్ని మోరియా అందరి ముందూ అడిగింది, తన పేరుకి ఇంకో అర్థం ఉందా అని. ఆయన కాస్త తడబడి, "ఉందమ్మా. హెబ్రీలో చూపుకీ భయానికీ మాటలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ పేరు భయం లోంచి వచ్చిందని కొందరంటారు. ఇదని ఎవరూ తేల్చలేదు," అన్నారు.

"అయితే నాకు భయం ఉంచండి అయ్యగారూ. చూపు వద్దు."

ఆ యేడే వాళ్ళమ్మ దాన్ని రాజోలు మేనమామ ఇంటికి తీసుకుపోయి, అక్కడి బళ్ళో శాంతి అని రాయించింది.

కిందటి నెల అమలాపురం బస్టాండులో కనిపించింది. జుట్టు నెరిసింది. బెంచీ మీద కూచోబెట్టుకుని, నలభై ఏళ్ళుగా నమలలేక మింగలేక దాచుకున్నది చెప్పేశాను. "ఆ రోజు నేను చూళ్ళేదే. కళ్ళు మూసుకున్నాను."

"తెలుసు," అంది. "నువ్వు చూసేవని చెబుతావేమోనని ఎదురుచూసేను. అబద్ధమైనా."

మా ఊళ్ళో ఇప్పుడు ఇసక దిబ్బ లేదు, సరుగుడు తోపు లేదు. ఆ వరసంతా రొయ్యల చెరువులే. తాతగారి అరుగు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయానని చెప్పేను. భర్తకి గానీ పిల్లలకి గానీ తన పాత పేరు చెప్పలేదట.

రాజోలు బస్సొచ్చింది. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టబోయి ఆగింది.

"ఓసారి పిలవవే."

"మోరియా," అన్నాను.

"ఆయ్," అని, వెనక్కి చూడకుండా ఎక్కేసింది.