లేని కాలికి గృహప్రవేశం

అబ్రహాము మనుషులను పలకరించడు. వాళ్ల అవయవాలను పలకరిస్తాడు.

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి. అక్కడ పేర్లు రాసే కౌంటరులో నేను చేరిన మొదటి రోజు ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చొక్కా జేబులో కొలతల టేపు. కౌంటరు మీదుగా వంగి నా కాళ్ల వైపు చూసి, "ఎడమ మోకాలు ఎట్లుండాది?" అన్నాడు.

బాగున్నానని చెప్పాను.

"నిన్ను అడగలేదప్పా."

నేను మోకాలి వైపు చూశాను. అది ఏమీ అనలేదు. ఆయన కాసేపు ఆగి, తృప్తిగా తలూపి, వరండా చివర ఉన్న తన గదికి వెళ్లిపోయాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ మోకాలు నాతోనే ఉంది. ఒక్కసారి కూడా దాని గురించి ఆలోచించలేదు. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే అది ముందు దిగుతున్నట్టు, నేను దాని వెంట పోతున్నట్టు అనిపించింది.

ఆ చివరి గదిలో ఆయన కాళ్లు చేస్తాడు. చేతులు కూడా. లారీ కిందో, యంత్రంలోనో, చక్కెర జబ్బుకో పోగొట్టుకున్నవాళ్లు వస్తారు. మిగిలిన దానికి ప్లాస్టరుతో అచ్చు తీసి, ప్లాస్టిక్ రేకును వేడిచేసి అచ్చు మీద ఒత్తి, పెట్టుడు కాలు తయారుచేస్తాడు. నెలకొకసారి పుంగనూరులో, ఒకసారి కుప్పంలో క్యాంపు పెడతారు. పేర్లు రాయడానికి నేనూ పోతాను.

పుంగనూరు బస్సులో ఒకసారి ఎవరో ఆయన కాలు తొక్కి, సారీ అన్నా అన్నాడు. తొక్కింది నన్ను కాదు, దానికి చెప్పమన్నాడు అబ్రహాము. ఆ మనిషి చుట్టూ చూశాడు. బస్సంతా చూస్తోంది. చివరికి వంగి కాలికి సారీ చెప్పాడు. కాలి తరఫున అబ్రహాము సరేనన్నాడు. కండక్టరు వచ్చి, "దానికి గూడా టికెట్ కొట్టాల్నా?" అని అడిగాడు.

అబ్రహాము ఆలోచించాడు. "వొద్దులే. అది నిలబడే ఉండాది."

చర్చిలో ఒకసారి, మంచాన పడిన వెంకటరత్నమ్మ కోసం ఆయనను ప్రార్థన చేయమన్నారు. తలతో మొదలుపెట్టాడు. నడుముకు వచ్చేసరికి పావుగంట అయింది. మోకాళ్ల దగ్గర పిల్లలు నిద్రపోయారు. పాదాలకు చేరేటప్పటికి కొందరి ఇళ్లలో మధ్యాహ్నం అన్నాలు అయిపోయాయి. వెంకటరత్నమ్మ తర్వాత లేచి తిరిగింది. అయినా ఆయనకు మళ్లీ ప్రార్థన ఇవ్వలేదు.

కొత్తగా వచ్చిన డాక్టరు నీలిమకు ఇదంతా జబ్బులా కనిపించింది. ఆయనను మనసు డాక్టరుకు చూపించడం మంచిదని నాతో అంది. మరునాడు వరండాలో అబ్రహాము ఆమె భుజాలను అడిగాడు, ఎట్లుండారని. ఆమె జవాబు చెప్పబోయింది. అంతలోనే బెంచీ మీద కూలబడింది. రెండు డ్యూటీలు వరుసగా చేసిన రోజు అది. పది నిమిషాలు లేవలేదు. ఆ తర్వాత మనసు డాక్టరు మాట ఎత్తలేదు.

ఊరికి మాత్రం సందేహం లేదు. టమోటా మార్కెట్లో ఆయన కనిపిస్తే హమాలీలు ముందుగానే భుజాలు చూపిస్తారు. ఆయన దాటిపోయాక తల పక్కన చెయ్యి తిప్పి నవ్వుకుంటారు. ఆయనకు అది తెలుసు. తెలిసీ నెమ్మదిగా నడుస్తాడు.

నేను ఒకసారి అడిగాను. కాలు వేరు, చెయ్యి వేరు, భుజం వేరు అంటున్నావు, మరి నేను అనేవాడు ఎక్కడున్నాడు అని.

"బడి వదిలినాక పిల్లోళ్లు వస్తాండారు సూడు. ఆ గలాటా యా పిల్లోడి దగ్గర ఉంటాది?"

ఏ ఒక్కరి దగ్గరా ఉండదన్నాను.

"అంతే," అని ప్లాస్టరు కలపడానికి పోయాడు.

మునికృష్ణ పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. పాల కేంద్రంలో వెన్న శాతం చూసే ఉద్యోగం. బైకు మీద నుంచి పడి, కుడికాలు మోకాలి కింద పోయి నాలుగు నెలలైంది. వెంట తల్లి సిద్దమ్మ, భార్య వాణి ఉన్నారు. నేను కార్డు రాస్తుంటే వాణి గొంతు తగ్గించి సంగతి చెప్పింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారానికి మునికృష్ణ, పోయిన పాదం దురద పెడుతోందన్నాడు. కోసిన కాలిని సిద్దమ్మ అడిగి తెచ్చుకొని చేను గట్టున పూడ్చింది. దురద అనగానే ఆమెకు చీమలని అర్థమైంది. పోయి అక్కడ చీమల మందు చల్లింది. తగ్గలేదు. మట్టి గట్టిగా ఉందేమోనని నీళ్లు పోసి వచ్చింది. అదీ పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో వీధిలో అందరినీ అడిగింది. కొందరు గాలి సోకిందన్నారు. ఎక్కువమంది తల చెడిందన్నారు. ఆ మాట మునికృష్ణ చెవిన పడింది. అప్పటి నుంచి కాలి ఊసు ఎత్తడు. మాటలే తగ్గిపోయాయి. పెట్టుడు కాలు పెట్టించుకుందామంటే వద్దంటాడు, ఎందుకో చెప్పడు. ఇంకో రెండు నెలలు ఇలాగే కూర్చుంటే మోకాలు బిగుసుకుపోతుందని, ఆ తర్వాత ఏ కాలూ పెట్టలేమని, కాలు తీసిన ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. వాణి బలవంతం మీద ఇక్కడిదాకా వచ్చాడు.

అబ్రహాము వాళ్ల బెంచీ ముందు నేల మీద కూర్చున్నాడు. ముందు నా మోకాలిని అడిగాడు. తర్వాత వాణి మణికట్టును. తర్వాత సిద్దమ్మ నడుమును. ఆ నడుమును ఎవరైనా పలకరించడం అదే మొదటిసారి కాబోలు, సిద్దమ్మ దాని తరఫున చాలాసేపు చెప్పింది. అది అయ్యాక ఆయన మునికృష్ణ ఎడమ పాదాన్ని అడిగాడు. ఆపైన, గొంతు మార్చకుండా, బెంచీ కింద ఖాళీగా ఉన్న చోటు వైపు తిరిగాడు.

"నీవెట్లుండావు?"

వాణి తల దించుకుంది. మునికృష్ణ ఆయనను చాలాసేపు చూశాడు. తనకంటే పెద్ద పిచ్చివాడు దొరికాడని నమ్మకం కుదిరినట్టుంది.

"దురద," అన్నాడు.

"యాడ?"

"బొటనేలుకూ పక్కేలుకూ నడాన."

అబ్రహాము చెయ్యి చాపి గాలిని గోకాడు. "ఈడనా?"

"ఇంగొంచెం పక్కకు."

"ఈడ?"

"మడమలో చెయ్యి పెట్నావన్నా."

అబ్రహాము చటుక్కున చెయ్యి తీసి, మడమకు క్షమాపణ చెప్పాడు.

మునికృష్ణ నవ్వాడు. సిద్దమ్మ ఏడవడానికి కొంగు తీసింది, కొడుకు నవ్వుతున్నాడని చూసి ముక్కు మాత్రం తుడుచుకుంది. దురద పోలేదు. అయితే అది ఎక్కడుందో ఇప్పుడు ఇద్దరికి తెలుసు.

అచ్చు తీస్తానని అబ్రహాము టేపు బయటికి తీయగానే నవ్వు ఆగిపోయింది.

"వొద్దన్నా. నా కాలు ఆడనే ఉండాది. దీన్ని యాడ పెట్టేది?"

నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన కారణం అది. ఉన్న కాలి మీద ఇంకో కాలు ఎవరైనా ఎట్లా పెట్టుకుంటారు?

అబ్రహాము తొందరపడలేదు. "ఇది కాలని నీకెవురు చెప్పిరి? కాలు నీకుండాది. నాలుగు నెలలుగా ఎండకూ వానకూ బయటే ఉండాది. నేను కట్టేది దానికి ఇల్లు."

మునికృష్ణ టేపు వైపు చూసి, మిగిలిన కాలు ముందుకు చాపాడు. సిద్దమ్మకు అప్పటిదాకా అర్థం కానిదంతా ఒక్కసారిగా అర్థమైంది.

"ఇల్లంటే మంచి దినం సూడల్ల గదయ్యా," అంది.

పదో రోజు, శుక్రవారం, పొద్దున పదిన్నరకు ముహూర్తం కుదిరింది. సిద్దమ్మ పసుపు, కుంకుమ, మామిడాకులు, చెంబుతో పాలు తెచ్చింది. మిషన్ ఆసుపత్రిలో ఇవన్నీ ఎట్లా అని నేను గొణిగాను. మా ఇళ్లకూ ప్రార్థన పెట్టుకుంటాం, ముందు ఆమె పాలు పొంగనీ, తర్వాత నా వంతు అన్నాడు అబ్రహాము. ప్లాస్టిక్ రేకులు వేడిచేసే పొయ్యి మీద పాలు పెట్టారు. పెట్టుడు కాలి పై అంచు గడప అని తీర్మానించి, సిద్దమ్మ దానికి పసుపు రాసింది.

మునికృష్ణ పాల వైపు చూస్తున్నాడు. "మూడు శాతం గూడా రాదు. ఎవురి పాలమ్మా ఇవి?" అన్నాడు.

నాలుగు నెలల్లో ఆయన నోట ఉద్యోగం మాట వినడం ఇదే మొదటిసారని వాణి నా చెవిలో చెప్పింది.

పాలు పొంగాయి. అబ్రహాము కళ్లు మూసుకొని ప్రార్థన అందుకున్నాడు. అది తల దాకా పోతుందేమోనన్న భయంతో, చూడడానికి వచ్చిన డాక్టరు నీలిమ మొదటి వాక్యానికే గట్టిగా ఆమెన్ అంది. కుడికాలు ముందు పెట్టి లోపలికి రమ్మని చెప్పింది సిద్దమ్మ. వచ్చేది కుడికాలే కాబట్టి ఆ విషయంలో చిక్కు రాలేదు.

మునికృష్ణ కళ్లు మూసుకున్నాడు. మోకాలి కింద మిగిలిన భాగం మెల్లగా లోపలికి దిగింది.

"వచ్చినాదా?" అబ్రహాము అడిగాడు.

"పిక్క వచ్చింది. మడమ బయటుండాది."

"తొందర పెట్టొద్దు. తిరుక్కొని రమ్మను."

కొంతసేపటికి మడమ వచ్చింది. ఆ తర్వాత వేళ్లు. ఎన్ని వచ్చాయంటే నాలుగన్నాడు. చిటికెన వేలు గడప దగ్గరే ఆగిపోయిందట. అది కడగొట్టుది, పిలిస్తే రాదు, మన పాటికి మనం మాట్లాడుకుంటూ ఉంటే అదే వస్తుందన్నాడు అబ్రహాము. ఒక డాక్టరు, ఒక గుమాస్తా, ఇద్దరు ఆడవాళ్లు, కాళ్లు చేసే మనిషి ఒకరు, వాన గురించీ టమోటా గురించీ మాట్లాడుకుంటూ, కనబడని ఒక వేలి కోసం అరగంట కాచుకున్నాం. బయట పేషెంట్ల వరుస పెరిగింది. ఎవరూ లేవలేదు.

"వచ్చిందన్నా," అన్నాడు మునికృష్ణ.

నడక నేర్చుకోవడానికి రెండు పక్కలా బిగించిన కమ్మీలు పట్టుకొని లేచాడు. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. సిద్దమ్మ కొడుకు ముఖం కాదు, కాలే చూస్తోంది. గది చివరిదాకా పోయి తిరిగి వచ్చాడు. దురద ఎట్లుందని అబ్రహాము అడిగాడు.

"ఉండాది. ఇప్పుడు అందరి దురద మాదిరే ఉండాది."

ఆ ఆదివారం క్యాంపు జాబితా ఇవ్వడానికి మొదటిసారి అబ్రహాము ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, "రా అప్పా. బాగుండావా?" అన్నాడు.

ఎవరిని అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. నా మోకాలి వైపు చూసి, దాని జవాబు కోసం ఆగాను.

"నిన్నేప్పా," అని ఆయన కాఫీ తేవడానికి లోపలికి పోయాడు. ఆయన భార్య ఎవాంజెలిన్ నవ్వింది. ఇంట్లో ఆయన ఎవరి అవయవాలనూ పలకరించడట. రెండు నెలలుగా ఆమెకు మోకాలి నొప్పి, దాన్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదట.

తర్వాత ఆమె చెప్పింది. అబ్రహాము కొత్తగా పనిలో చేరిన రోజుల్లో రామసముద్రం నుంచి పాపన్న అని ఒక కూలి మనిషి వచ్చాడు. చెరుకు గానుగలో చెయ్యి పోయింది. పోయిన చెయ్యి నొప్పి పుడుతోందని అందరి ముందూ చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అబ్రహామూ నవ్వాడు. పాపన్న నోరు మూసుకొని ఇంటికి పోయాడు. మళ్లీ రాలేదు. అతని కోసం చేసిన చెయ్యి అల్మారాలో ఉండిపోయింది. ఆ మరుసటి వారమే అబ్రహాము గేటు దగ్గర వాచ్‌మన్ మోచేతిని పలకరించాడు.

"ఉండే కాళ్లనంతా అడిగితే లేని కాలును అడిగేది వింతగాదు గదా అంటాడు. పిచ్చోడు అని పేరు నాకు ఉంటే సాలు, వాళ్లకు రాదు అంటాడు."

అబ్రహాము కాఫీ తెచ్చాడు. "నాకు తల చెడిందని చెప్పినావా?"

"చెడలేదని చెప్పినా," అంది ఆమె.

"అది యాల చెప్పినావు?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

తర్వాతి నెల కుప్పం క్యాంపుకు మునికృష్ణ కూడా వస్తానన్నాడు. పెట్టెలు మోయడానికి మనిషి కావాలి కదా అన్నాడు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో పేషెంట్ల వరుస మూడు భాషల్లో మాట్లాడుతుంది. ఆ వరుస చివర ఏ భాషలోనూ మాట్లాడని అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. పేరు రేఖ. బస్సు ప్రమాదంలో కుడిచెయ్యి మోచేతి దాకా పోయిందని వెంట వచ్చిన అన్న చెప్పాడు. ఏం అడిగినా పలకదట. రాత్రంతా లేచి కూర్చుంటుందట.

అబ్రహాము బయట ఇంకా ప్లాస్టరు సంచులు దింపిస్తున్నాడు. మునికృష్ణ ఆయన కోసం చూడలేదు. వరుస మొదట్లో ఉన్న ముసలాయన ముందు ఆగి, ఎడమ భుజాన్ని పలకరించాడు. తర్వాతి ఆమె మెడను. ఆ తర్వాత ఒక పోలీసాయన చీలమండను. రేఖ అన్న కంగారుగా నా దగ్గరికి వచ్చి, ఆయనకేమైనా అని తల పక్కన చెయ్యి తిప్పాడు.

"అవునప్పా," అన్నాను. "మా వాళ్లందరికీ అంతే."

మునికృష్ణ రేఖ దగ్గరికి వచ్చాడు. ఆమె ఎడమ మణికట్టును అడిగాడు. తర్వాత, గొంతు మార్చకుండా, కుడిచేతిని అడిగాడు.

ఆమె ఆయన ముఖం చూసింది. తర్వాత తన ఒడిలోని ఖాళీని చూసుకుంది.

"పిడికిలి బిగుసుకోనుండాదన్నా," అంది. "విప్పుదామంటే రావడంలే."

మునికృష్ణ స్టూలు లాక్కొని, కుడికాలు చక్కగా చాపుకొని ఎదురుగా కూర్చున్నాడు.

"సాయంత్రం దాకా మాకేం పని లేదమ్మా. ముందు యా వేలు?"

రేఖ కొంచెంసేపు చూసుకుంది.

"బొటనేలు," అంది. "అదే పైనుండాది."