నాలుగో బోల్టు

ఈ రోజు సెలవు కదా అని బరంపురంలో మా ఇంటి ముందే కారు వాటర్ పంపు మార్చడానికి కూర్చున్నాను. రేపు పొద్దున్నే కొడల ఊళ్లో మా మరదలి సీమంతం. మెకానిక్కు ఎల్లుండి గాని రానన్నాడు. రాకపోతే పోనీ, నేను రెండు వీడియోలు చూసిన ఇంజనీరుని.

మూడు బోల్టులు మర్యాదగా వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి భీష్మించుకు కూర్చుంది. నూనె పోశాను, సుత్తితో కొట్టాను, స్పానరుకి ఇనుప గొట్టం తగిలించి వేలాడాను. బోల్టు కదల్లేదు. నా వేళ్ల మీది తోలు మాత్రం సులువుగా ఊడింది.

పక్కన టార్చి పట్టుకున్న మా ఆవిడ రైల్వే లోకో షెడ్డు ఫిట్టరు కూతురు. మెల్లిగా అంది, "ముందు ఓపాలి బిగించి సూడండి. మా నాన్న అలాగే సేసేవోరు."

"ఇప్పడానికి బిగించాలా? మీ ఇంట్లో తలుపు తియ్యాలంటే గొళ్లెం పెడతారేటి?" అన్నాను.

నేను మంచినీళ్లకి లోపలికి వెళ్లి వచ్చేసరికి స్పానరు ఆవిడ చేతిలో ఉంది. పిసరంత బిగించింది. కిర్రుమని తుప్పు వీడింది. వెనక్కి తిప్పితే బోల్టు బుద్ధిగా బయటికొచ్చింది.

సాయంత్రం ఇంజను స్టార్ట్ చేస్తుంటే పక్కింటి మాస్టారు గోడ మీంచి, "ఎవరు బాగుసేసినారు బాబూ?" అని అడిగారు.

"ఇద్దరం కలిసి చేశామండీ" అన్నాను. మా ఆవిడ నా వైపు చూసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

మీరైతే నిజం చెప్పేవారా?