కచేరీ మెట్ల కింద చెప్పులు

మా తమ్ముడు పోయాడని అతను పనిచేస్తున్న కొండ ఊరి నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. అతని భార్యను, మా మరదలిని, పడుకోబెట్టి దేవుడి దగ్గర కూర్చున్నాను. ప్రార్థన నోటికి రాలేదు. దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలోని మా క్వార్టర్లో గడిచిన ఒక ఉదయం మాత్రం కళ్ల ముందుకు వచ్చింది.

మామూలు ఉదయమే అది. పొగమంచులో ఎదుటి బ్లాకు కనబడటం లేదు. మావారు మఫ్లరు చుట్టుకుని పాల బూత్ నుంచి వచ్చారు. నేను దీపం వెలిగించి, ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. మరదలు రజాయి కప్పుకుని కుర్చీలో కూర్చుంది. మూత్రపిండాల జబ్బు, ముందురోజే ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకుని వచ్చింది. ఆ వైద్యం కోసమే వాళ్లిద్దరూ మా దగ్గర ఉండేవారు. తమ్ముడు బాల్కనీలో పీట వేసుకుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేవాడు కాదు.

ఫోను మోగింది. అందరి చేతులూ ఆగాయి.

తమ్ముడు అప్పట్లో యమున అవతలి జిల్లా కచేరీలో అధికారి. తెల్లదొరలు కట్టిన ఆ భవనానికి నూరేళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసే పని పై అధికారి అతనికి అప్పగించారు. దొర కూర్చునే గది, ఎత్తైన కప్పు, కరువు రోజుల్లో శిస్తు మాఫీ కోసం రైతులు పడిగాపులు పడిన వరండా, అన్నీ రాశాడు. చివరి పేజీలో చెప్పుల సంగతి రాశాడు.

ఆ సంగతి అతని పొరపాటుతోనే మొదలైంది. ఉద్యోగంలో చేరిన రోజు మెట్ల కింద వరసగా చెప్పులు చూసి, లోపల గుడి ఉందనుకున్నాడు. బూట్లు విప్పి, మేజోళ్లతోనే తన గదికి నడిచాడు. గుమాస్తాలు నవ్వాపుకోలేకపోయారట. ఇంటికొచ్చి చెబితే మావారు వదల్లేదు.

"ఆఫీసుకు దణ్ణం పెట్టుకున్న ఆఫీసరువి నువ్వొక్కడివేనోయ్. కొబ్బరికాయ కూడా కొట్టకపోయావా?"

తమ్ముడూ నవ్వాడు. కాని చెప్పులెందుకు విడుస్తున్నారని అడగటం మానలేదు. దొరల కాలంలో దేశవాళీ చెప్పులతో ఎవరూ ఆ మెట్లు ఎక్కకూడదు. ఇంగ్లీషు బూట్లయితే ఎక్కవచ్చు. దొరలు వెళ్లిపోయారు. ఆ నియమం కూడా పోయిందని పల్లెవాళ్లకు ఎవరూ చెప్పలేదు. తమ్ముడు రోజూ కాసేపు మెట్ల దగ్గర నిలబడి, లోపల నేల చల్లగా ఉంటుంది, వేసుకునే రండని చెప్పేవాడు.

"పెహన్ లో బాబా, అందర్ ఫర్ష్ ఠండా హై."

"ఆదత్ హై సాబ్," అనేవారట ముసలివాళ్లు, అలవాటైపోయిందని.

"గుడి ముందు విడిస్తే భక్తి పెద్దక్కా, అక్కడ విడిచేది భయం," అన్నాడు ఒకసారి నాతో. గుడికి వెళ్లినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. ఇది చదివేవారిలో ఎవరైనా ఏ పాత కచేరీకైనా వెళ్తే, ఒకసారి మెట్ల కిందికి చూడండి.

దొరల సంగతి రాస్తే పై అధికారికి అభ్యంతరం లేదు. 'నేటికీ విడుస్తున్నారు' అన్న మాటే మింగుడు పడలేదు. పుస్తకం మంత్రిగారు విడుదల చేస్తారు. ఆ ఉదయం ఫోనులో పై అధికారి చెప్పింది అదే: రేపు అచ్చుకు వెళ్లేలోగా ఆ పేజీ తీసేయాలి, లేదంటే కొండ జిల్లాకు బదిలీ. అక్కడ మరదలికి వైద్యం దొరకదు.

"జీ సర్, కల్ బతాతా హూఁ," అని రేపటికి గడువు అడిగి తమ్ముడు ఫోను పెట్టేశాడు. మళ్లీ బ్రష్ అందుకున్నాడు.

"ఒక్క పేజీయేగా! చివరి పేజీ ఎవడు చదువుతాడు?" అన్నారు మావారు.

"ఎవరూ చదవకపోతే ఆయన ఫోను చేయడమెందుకు బావగారూ?"

"ముందు నీ పెళ్లాం సంగతి చూసుకో."

తమ్ముడు రెండో బూటు అందుకున్నాడు. మరదలి వంక చూడలేదు. ఉప్మా ఎవరూ సరిగ్గా తినలేదు. వాళ్లు ఆఫీసులకు వెళ్లాక నేను పారాయణకు కూర్చుని మాటిమాటికీ మొదటికి వచ్చాను. ఫోను వైపే ధ్యాస. మరదలు గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది.

సాయంత్రం తమ్ముడు లోపలికి రాగానే ఆమే అడిగింది.

"పేజీ తీసేశారా?"

"ఇంకా లేదు."

"తీయకండి. నా వైద్యం కోసం తీశారంటే, నేనూ ఆ మెట్ల కింద చెప్పులు విడిచినట్టే."

"బదిలీ చేస్తారే."

"వెళ్లండి. నేను వదినగారి దగ్గర ఉంటాను. అన్నయ్యగారు నా ఉప్పులేని కూరలకు ఎటూ అలవాటు పడ్డారు."

"మీ గదికి హీటరు తెస్తాలే," అన్నారు మావారు.

అలా తేలింది. పేజీ ఉంటుంది. తమ్ముడు ఒక్కడే వెళ్తాడు. మరదలు నా దగ్గర ఉంటుంది.

తమ్ముడు వచ్చి దేవుడికి దణ్ణం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను వీధి తలుపు వేయడానికి వెళ్లాను. అతని బూట్లు గుమ్మం పక్కన ఉన్నాయి. పొద్దుటి పాలిష్ మీద కచేరీ దుమ్ము. వాటి కొనలు వీధి వైపు తిరిగి ఉన్నాయి.