డెబ్బై రెండు అంగుళాలు

బల్ల పైచెక్క గోడల మధ్య దిగలేదు.

అచ్చుల మేస్త్రీ ఒక కొసని ఎడమ గోడకి ఆనించి, రెండో కొసని అరచేత్తో గట్టిగా అదిమాడు. అది కుడి గోడ అంచు మీదే ఆగిపోయింది. అరంగుళం ఎక్కువ. మోకాలితో ఓ తన్ను తన్నాడు. గోడ సున్నం పెచ్చు ఊడి పాదాల మీద పడింది గానీ చెక్క కదల్లేదు.

"కొలిచే కదా కోశాను," అని పైకే అన్నాడు. గ్యారేజీలో వినేవాళ్ళెవరూ లేరు.

ముప్పై మూడేళ్ళు ఆయన ఒక ఫౌండ్రీలో అచ్చులు చేశాడు. ఇనుముతో పోత పోసే ఏ వస్తువునైనా ముందు చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క అచ్చుని ఇసుకలో దిగ్గొట్టి తీస్తే, అది వదిలిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. పంపు డొప్పలు, గేరు చక్రాలు, మనిషంత ఎత్తు కప్పీలు, అన్నీ ముందు ఆయన చేతిలో చెక్కగానే పుట్టాయి. పనిలోంచి దిగి పదకొండేళ్ళయినా వీధిలో అందరికీ ఆయన అచ్చుల మేస్త్రీయే. వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటారు. ఫౌండ్రీలో ఆయన పనికి నూలంత వంక పెట్టినవాడు లేడు. పని దిగిన రోజున, ఆయన చేతిలో అరిగిన రెండడుగుల ఉక్కు స్కేలుని ఆయనకే ఇచ్చేశారు. దాన్ని పాత చొక్కా గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.

అలాంటి మనిషి ఈ మధ్య పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి ఇల్లంతా పొగ. మరో రోజు కూరలు కొనడానికి వెళ్ళి, రోజూ తిరిగే వీధి మలుపులో నిలబడి ఇంటికి ఎటు వెళ్ళాలో తెలియక కాసేపు బిక్కమొహం వేశాడు. డాక్టరు మందులేమీ రాయలేదు. "కొన్నాళ్ళు గమనిస్తూ ఉండండి" అన్నాడంతే. అప్పట్నుంచి ఇంట్లో రెండు జతల కళ్ళు ఆయన్ని గమనిస్తూనే ఉన్నాయి. ఒక జత భార్యది, రెండోది కూతురిది.

కూతురు మోటార్లకి తీగ చుట్టే పని చేస్తుంది. కాలిపోయిన మోటారు లోపలి రాగి తీగంతా పీకి కొత్తది చుట్టాలి. అద్దెకున్న షాపుని యజమాని కూలగొట్టేస్తుంటే సామానంతా ఇంటి గ్యారేజీలోకి చేర్చింది. మొదటి వారంలోనే ఓ చిన్న మోటారు బరువుకి పాత బల్ల కాలు విరిగింది. మోటారు ఆమె పాదానికి జానెడు దూరంలో పడింది. ఇప్పుడు నూనె మిల్లు వాళ్ళ పెద్ద మోటారు రాబోతోంది, నలుగురు మోస్తే గానీ లేవనిది. దానికి తగ్గ బల్ల కావాలి.

"నేను చేస్తా," అన్నాడు మేస్త్రీ.

కూతురు చేతిలో తీగ చుట్ట పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఒక్క మాట. కోపం తెచ్చుకోకు."

"ముందే చెప్పావు కాబట్టి కాస్త తగ్గించి తెచ్చుకుంటా. చెప్పు."

"బల్ల నువ్వే చెయ్యి. నీకంటే బాగా చేసేవాళ్ళు నాకు తెలీదు. కానీ కొలతల్లో తేడా వచ్చిందనుకో, కరెంటు రంపం పెట్టె తాళం నాకిచ్చెయ్యాలి. మళ్ళీ దాని జోలికి వెళ్ళకూడదు. నీ వేళ్ళు నాకు పదీ కావాలి."

"నూలు తేడా వచ్చినా రంపమొక్కటే కాదు, పనిముట్లన్నీ తీసుకెళ్ళు. ఎవరికైనా ఇచ్చుకో, పొయ్యిలో పెట్టుకో."

"ఆ పొయ్యి ఆపడం గుర్తుండాలిగా!" అంది భార్య వంటింట్లోంచి.

ఎవరూ నవ్వలేదు. అన్న తర్వాత ఆవిడకే నోరు చేదయింది. ఆ సాయంత్రం టీలో చక్కెర కాస్త ఎక్కువే వేసి ఇచ్చింది.

పాత గోదాం కూల్చిన చోట్నుంచి దూలాలు తెచ్చాడు. మేకులు పీకి, చిత్రిక పట్టి, లోపలి ఎర్రటి చెక్క బయటపడేదాకా నున్నగా చేశాడు. నాలుగంగుళాల మందం కాళ్ళు. కాలి కొసని సన్నటి నాలుకలా, కుసిగా కోసి, అడ్డకర్రలో తొలిచిన గాడిలోకి చెక్క సుత్తితో దించుతుంటే చప్పుడు బోలుగా మొదలై చివరికి గట్టిపడేది. ఆ చప్పుడు కోసం ఆయన చెవి ఒగ్గి ఉండేవాడు. అయిదు రోజుల్లో ఒక్క మేకు కొట్టకుండా బల్ల కాళ్ళు నిలబడ్డాయి. ఎక్కి నిలబడి ఊగి చూశాడు. రాయిలా ఉంది.

వెనక గోడలో కిటికీ కింద గూడులా లోపలికి ఉన్న జాగాలో ఆ బల్ల ఇమడాలి. అప్పుడే మోటారు ఎంత అదిరినా అటూ ఇటూ జరగదు. ఆ జాగాని కూతురే తన టేపుతో కొలిచి కాగితం మీద రాసిచ్చింది. గోడకీ గోడకీ మధ్య డెబ్బై రెండు అంగుళాలు. నేల నుంచి కిటికీ రాతి అంచుకి ముప్పై ఆరు. మేస్త్రీ పావంగుళం వదులు ఉంచి డెబ్బై ఒకటీ ముప్పావుకి పైచెక్క కోశాడు. అదిప్పుడు గోడకి అడ్డంపడి నిలబడింది. నాలుగ్గంటలకి మోటారు వస్తుంది. ఇప్పుడింకా పన్నెండు కాలేదు.

ఆయన స్కేలు తీసి పైచెక్కని మళ్ళీ కొలిచాడు. డెబ్బై ఒకటీ ముప్పావు. సరిగ్గా ఉంది. స్కేలుని మూడుసార్లు మార్చి మార్చి పెట్టి గోడల మధ్య జాగా కొలిచాడు. డెబ్బై ఒకటీ పావు.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పిల్ల తప్పు రాసింది! తన తల బాగానే ఉంది.

"అమ్మడూ! ఒకసారి ఇలా రా. నీ టేపు పట్టుకురా."

కూతురు వచ్చింది. పైచెక్కని ఆయన అప్పటికే నేల మీద పడుకోబెట్టేశాడు.

"ఈ సందెంత అని రాశావు?"

"డెబ్బై రెండు."

"మళ్ళీ కొలిచి చూడు."

ఆమె టేపు లాగి రెండు గోడలకీ ఆనించింది. "డెబ్బై రెండే నాన్నా. వెంట్రుకవాసి తేడా లేదు. ఏం, ఏమైంది?"

మేస్త్రీ వంగి తన కళ్ళతో చూశాడు. డెబ్బై రెండు.

"ఏం లేదు. ఊరికే. నువ్వెళ్ళు."

ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజున చూసిన చూపే. తర్వాత వెళ్ళిపోయింది.

ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా ఉండి, ఆయన మళ్ళీ స్కేలుతో కొలిచాడు. డెబ్బై ఒకటీ పావు. కళ్ళు నులుముకుని, అంకెలు వేలితో తడుముతూ ఇంకోసారి కొలిచాడు. అదే. ఇప్పుడే కదా డెబ్బై రెండు చూశాడు! వీధి మలుపు గుర్తొచ్చింది. ఆ రోజూ ఇంతే. దుకాణాలన్నీ ఉన్నాయి, బోర్డుల మీది అక్షరాలన్నీ కనిపిస్తున్నాయి, ఇంటి దారి మాత్రం లేదు. ఇప్పుడు అంకెలు కూడా అలా తయారయ్యాయా?

కాళ్ళనైనా చూద్దామని, పైచెక్క లోంచి మిగిలిన ముక్క ఒకటి వాటి మీద పెట్టి కిటికీ కిందికి నెట్టాడు. పావంగుళం సందు మిగలాల్సింది. ముక్క రాతి అంచుకి తగిలి ఆగింది. అక్కడా నూలు ఎక్కువే.

ఒకటైతే పొరపాటనుకోవచ్చు. రెండోది చూశాక ఆయన చెక్కపొట్టులోనే చతికిలబడ్డాడు.

టీ తెచ్చిన భార్య గ్లాసు ఇవ్వలేదు. ముందు ఆయన మొహం చూసింది, తర్వాత గోడ, తర్వాత చెక్క.

"ఎంత?" అంది మెల్లగా.

"అరంగుళం."

"అంతేనా! కోసి పారేయండి. పిల్లకి చెప్పేదేముంది? నేను చూడలేదు, మీరు కొలవలేదు."

"కొలిచాను. అదే కదా బాధ."

"ఏమండీ, నా మాట వినండి. ఆ పెట్టె పట్టుకెళ్ళిపోతే మీరు రోజంతా గోడలు చూస్తూ కూర్చుంటారు. నావల్ల కాదు. కొయ్యండి, పిల్ల వచ్చేలోపు." గ్లాసు నేల మీద పెట్టి, గ్యారేజీ తలుపు దగ్గరికి వేసి, తనే కాపలా నిలబడింది.

ఆయన లేచాడు. జేబులోంచి తాళం తీసి కరెంటు రంపం బయటికి తీశాడు. చెక్కని గోడకి ఆనించి, ఎంత మిగిలిందో అక్కడే పెన్సిలుతో గీత గీశాడు. కొలవక్కర్లేదు, అంకెలతో పనేలేదు. స్విచ్చి నొక్కితే పళ్ళ చక్రం గిర్రున తిరిగింది. ఎడమ చెయ్యి చెక్కని అదిమి పట్టుకుంది. చక్రం గీతకి దగ్గరవుతోంది.

అప్పుడు ఆయన తన వేళ్ళ వైపు చూశాడు. చక్రానికి అవి ఎంత దూరంలో ఉన్నాయి? బెత్తెడా? అంతకంటే తక్కువా? గోడ దగ్గర అబద్ధం చెప్పిన కళ్ళు ఇక్కడ నిజం చెబుతున్నాయని పూచీ ఏమిటి? వేళ్ళు వెనక్కి తీసేద్దామనుకున్నాడు గానీ చెయ్యి మాట వినలేదు. చక్రం అరుపు తప్ప ఇంకేమీ వినబడలేదు. బొటనవేలిని బలవంతాన స్విచ్చి మీంచి లేపాడు. చక్రం తిరిగి తిరిగి, ఆగింది.

"ఏమైందండీ?"

"దాన్ని పిలు."

"పిచ్చా మీకు?"

"పిలవమంటున్నానా!"

కూతురు వేళ్ళకి తీగ ముక్కలు అంటుకునుండగానే పరుగున వచ్చింది. బయట ఉన్న రంపం చూసి ఆమె మొహం పాలిపోయింది. ఆయన ఏమీ దాచలేదు. చెక్క దిగలేదన్నాడు, కాళ్ళు కూడా ఎత్తయ్యాయన్నాడు. తాళం తీసి రంపం పక్కన పెట్టాడు. తర్వాత ఉక్కు స్కేలు ఆమె చేతిలో ఉంచాడు.

"ఈ స్కేలుతో నువ్వు కొలిచి చెప్పు. నాకు డెబ్బై ఒకటీ పావు వస్తోంది. నీ టేపుతో చూస్తే డెబ్బై రెండు. నా తల ఎంత పాడైందో నేను తెలుసుకోవాలి."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గోడ పొడుగునా స్కేలు పెట్టుకుంటూ వెళ్ళింది. ఒకటి, రెండు, మూడు. చివర్లో ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి కొలిచింది. ముసలాళ్ళిద్దరూ చూస్తున్నారు.

"డెబ్బై ఒకటీ పావు," అంది.

"నీక్కూడానా?"

ఆమె టేపు లాగి చెక్క మీద పరిచింది. పక్కనే స్కేలు పెట్టి, మొదళ్ళు రెండూ కలిపింది. ఆరంగుళాల దాకా అంకెలు ఇంచుమించు జంటగానే నడిచాయి. పన్నెండు దగ్గర స్కేలు నూలు ముందుకి వెళ్ళింది. ఇరవై నాలుగు దగ్గర పావంగుళం.

"నాన్నా, నీ స్కేలు పొడుగెక్కువ!"

మేస్త్రీ స్కేలు లాక్కుని వెనక్కి తిప్పాడు. అరిగిపోయిన ఉక్కు మీద బొటనవేలి గోటితో గీకాడు. అక్కడ సన్నగా చెక్కిన మాట గోటికి గరుకుగా తగిలింది: ఇనుము.

"అడుగుకో నూలు," అన్నాడు. "ఇనుము చల్లారితే ముడుచుకుంటుందమ్మా. అడుగుకో నూలు తగ్గిపోతుంది. అందుకని అచ్చు అంత పెద్దది చెయ్యాలి. ప్రతిసారీ లెక్కలు కట్టకుండా స్కేలునే పెంచి చేస్తారు. మామూలు టేపుల్ని గేటు దగ్గరే తీసేసుకునేవాళ్ళు, కలిసిపోతాయని. ఇంట్లో పీటలూ పెట్టెలూ దీంతోనే చేశాను. దేనికది సరిపోయేది. ఏ గోడా అడ్డం రాలేదు."

భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే మన మంచానికి పరుపు ఎప్పుడూ వేలెడు చాలకపోవడం ఇందుకా! ఆ పరుపులవాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు!"

కూతురు పగలబడి నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. కూతురే ముందు ఆగింది.

"మరి నాన్నా, ముప్పై మూడేళ్ళు దీంతోనే చేశావు. ఎలా మర్చిపోయావు?"

నేల మీద టీ మీగడ కట్టింది.

"స్కేలు తప్పు లేదు," అన్నాడాయన చివరికి. "కళ్ళ తప్పూ లేదు. మర్చిపోయింది మాత్రం నేనే. ఒప్పందం ఒప్పందమే." తాళాన్ని ఆమె వైపు జరిపాడు.

కూతురు తాళం తీసుకుంది. దాన్ని జేబులో వేసుకుని, తన టేపు ఆయన చేతిలో పెట్టింది.

"గీత నువ్వు గియ్యి. రంపం నేను పడతా. ఎలా పట్టాలో చెప్పు. మూడు గంటలుంది మనకి."

ఆయన టేపుతో కొలిచి, మూలమట్టం పెట్టి గీత గీశాడు. ఆమె రంపం ఎత్తింది. "మోచెయ్యి లోపలికి. చక్రాన్ని తొయ్యకు, దాని దారిన దాన్ని పోనీ. గీత మీద కాదు, గీత పక్కన," అంటూ ఆయన వెనకే నిలబడ్డాడు, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని. కాళ్ళు కూడా అలాగే తగ్గించారు. మూడున్నరకి పైచెక్క గోడల మధ్య అరచేతి దెబ్బకి దిగింది. మిల్లు మనుషులు నలుగురు మోటారుని తెచ్చి దాని మీద దించితే, బల్ల కిర్రుమనలేదు కూడా.

కూతురు బల్ల పక్క గోడకి ఓ మేకు కొట్టి తాళం అక్కడ తగిలించింది. "ఇద్దరం ఉన్నప్పుడే తియ్యాలి," అంది. తర్వాత తను చుట్టే రాగి తీగ కాస్త తెంపి స్కేలు మొదట్లో గట్టిగా మూడు చుట్లు చుట్టింది, చీకట్లో పట్టుకున్నా ఇది మామూలు స్కేలు కాదని చేతికి తెలిసేలా.

మర్నాడు పొద్దున్నే గ్యారేజీ తలుపు తీస్తూ అడిగింది. "నాన్నా, స్కేలుకి ఆ తీగెందుకు?"

"ఇనుముకని," అన్నాడాయన.

ఆ మరుసటి రోజూ అడిగింది. ఆ రోజు కాస్త ఆలోచించాడు గానీ, చెప్పాడు.