ఉప్పు తగ్గించిన సీసా

ఆ పచ్చడి సీసాకి ఐదు నక్షత్రాలు ఇచ్చిన రోజే దాన్ని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాను. ముందు పాతిపెట్టాను. తర్వాత చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, ఫోన్ తీసుకుని నక్షత్రాలు నొక్కాను.

మాది తాడేపల్లిగూడెం. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు మా సంఘంలో పిల్లలకు బైబిలు వాక్యం చెబుతాను. ఇళ్లలో చేసినవి అమ్మేవాళ్లూ, కొనేవాళ్లూ కలిసి ఉండే ఒక ఫోన్ గ్రూపులో ఆ పచ్చడి పెట్టినామె నాకు పరిచయమైంది. కొల్లేటి లంక గ్రామంలో ఉంటుంది. భర్త చేపల చెరువు మీద కాపలా పని చేసేవాడట. సరస్సును ఆక్రమించి తవ్విన చెరువులంటూ ప్రభుత్వంవాళ్లు గట్లు కొట్టేశాక అతనికి పని పోయింది. ఆమె ఎండు చేపలు, చేప పచ్చడి ఫోన్లో అమ్మడం మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతున్నారని మొదటి వారంలోనే నాకు తెలిసింది. ఆమె దాచుకునే మనిషి కాదు.

మొదటిసారి చేదుపరిగెలు, వేలెడేసి ఎండు చేపలు, తెప్పించుకున్నాను. పొట్లం విప్పితే లోపల ఇంకో చిన్న పొట్లం, గుప్పెడు ఎండు రొయ్యలు. ఇదేమిటని అడిగితే, "కొసరండీ అమ్మగారూ. ఎదురుగా ఉంటే చేత్తో వేసేదాన్ని కదండీ, ఫోన్లో అయితే మాత్రం మానేస్తానా?" అంది. ఆ తర్వాత ప్రతి పార్సిల్లో ఏదో ఒక కొసరు ఉండేది. ఒకసారి వానకి పెట్టె తడిసి వచ్చింది. నేను ఫిర్యాదు చెయ్యలేదు. చేపలు మళ్లీ ఎండలో వేసుకుని, అందాయమ్మా అని రాశాను. అప్పుడు నన్ను నేను కాస్త మెచ్చుకున్న మాట కూడా నిజం.

మా ఆయనకు రక్తపోటు పెరిగిందని, డాక్టరుగారు పచ్చళ్లు మాన్పించారని ఒకరోజు ఆమెతో అన్నాను. ఈసారి పచ్చడి వద్దని చెప్పడం నా ఉద్దేశం. పది రోజులకు నేను అడగని పార్సిల్ వచ్చింది. బొచ్చె చేప పచ్చడి. మూత మీద వంకరటింకర అక్షరాలతో చీటీ అంటించి ఉంది: 'అయ్యగారికి. ఉప్పు సగమే వేశాను.' డబ్బు పంపబోతే ఒప్పుకోలేదు.

మా ఆయన నాలుగు రోజులు ముద్ద ముద్దకీ ఆమెను తలుచుకుంటూ తిన్నారు. "కన్న కూతురు కూడా ఇంత చూడదే" అన్నారు. ఎనిమిదో రోజు మూత తిప్పేసరికి లోపలి నుంచి గాలి తన్నుకొచ్చింది. నూనె మీద సన్నని బుడగలు. పులిసిన వాసన. చెడిపోయిన చేప ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

పాతిపెట్టి ఇంట్లోకి వస్తుంటే ఆమె ఫోన్.

"అమ్మగారండీ, అయ్యగారు తింటన్నారాండీ? బాగుందాండీ?"

"బాగుందమ్మా."

"ఉప్పు తగ్గిందని తేడా ఏం రాలేదు కదండీ?"

"రాలేదమ్మా."

"నిజంగా అంటన్నారా, నా మొహం చూసి అంటన్నారా?"

"నీ మొహం నేనెక్కడ చూశానమ్మా, ఫోన్లో పచ్చడి సీసాలే కనిపిస్తాయి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

"అయితే గ్రూపులో ఒక ముక్క రాసిపెట్టండి. టీచరుగారి మాటంటే నమ్ముతారండీ" అంది.

రాశాను. నాకు రాయడం వచ్చు. పెద్దల ఆరోగ్యం ఎరిగిన చేయి అనీ, ఉప్పు తగ్గినా రుచి తగ్గలేదనీ, మా ఇంట్లో సీసా అడుగంటిందనీ రాశాను. అడుగంటిన మాట ఒక రకంగా అబద్ధం కాదు, ఇంట్లో పచ్చడి లేకుండా అయింది కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. వాక్యం తెలిసినవాళ్లకు ఇలాంటి సర్దుబాట్లు మరీ బాగా వస్తాయి. రాత్రి ప్రార్థనలో ఆ కుటుంబం కోసం ప్రత్యేకంగా వేడుకున్నాను. ఆ అబద్ధం మాత్రం పాపాల వరసలో చేర్చలేదు. కనికరం లెక్కలో వేసుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఆరాధనలో ఎప్పుడూ నా పక్కన కూర్చునే పెద్దావిడ ఒక ఆదివారం రాలేదు. మందిరం నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. ఆస్పత్రిలో ఉందని పక్కింటివాళ్లు చెప్పారు. వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. ఏదో పాడైపోయింది తిన్నారని డాక్టరు అన్నారట.

"ఏం తిన్నావమ్మా?" అని అడిగాను.

"ఏదో తిన్నాలే. ముసలి కడుపు, దేనికైనా తిరగబడుద్ది" అని మొహం తిప్పుకుంది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. "ఎవరితో అనకు. ఆ ఉప్పు తక్కువ పచ్చడి. నువ్వు రాసింది మా మనవరాలు చదివి వినిపించింది, తెప్పించుకున్నాను. వాసన వస్తానే ఉంది. నువ్వంత మంచిదని రాస్తే నాకే ముక్కు పనిచెయ్యట్లేదనుకున్నాను. ఆ పిల్లనేం అనకమ్మా, కష్టపడి బతుకుతోంది."

నేను రాసినదాన్ని వాసన కంటే ఎక్కువ నమ్మింది ఆవిడ. డెబ్బై దాటిన మనిషి. ఆ మాటకి ప్రాణం పోయుంటే నేను ఏ మొహంతో పిల్లల ముందు నిలబడి ఆజ్ఞలు వల్లె వేయించగలను? ఇంకా ఎంతమంది ఇళ్లలో ఆ సీసా ఉందో నాకు తెలియదు. ఫోన్ చేస్తే మళ్లీ మెత్తబడిపోతానని నా సంగతి నాకు తెలుసు. అందుకే మర్నాడు పొద్దున్నే ఏలూరు బస్సెక్కి, అక్కడినుంచి కైకలూరు వైపు వెళ్లే బస్సు మారి, రోడ్డు మీద దిగి ఆటోలో లంకకు వెళ్లాను.

గుమ్మంలో నన్ను చూసి పోల్చుకుంది. "అయ్యబాబోయ్, అమ్మగారా! ఫోటోలో దిట్టంగా కనపడతారండీ, ఇంతేనా!" అని చాప వేసింది. వసారా నిండా కొత్త సీసాలు, వాటి మీద అచ్చు వేయించిన కాగితాలు. 'ఉప్పు తగ్గినా రుచి తగ్గదు.' నా వాక్యమే. మీరు రాశాక పదకొండు సీసాలు వెళ్లాయండీ, ఇంకో ఇరవై చేస్తున్నాను అని మొహం వెలిగిపోతూ చెప్పింది.

మంచినీళ్లు తాగకముందే చెప్పేశాను. తాగాక చెప్పలేనేమోనని భయం. ఎనిమిదో రోజు సీసా పాడైందని, పాతిపెట్టానని, మా సంఘంలో ఒకావిడ ఆస్పత్రిలో ఉందని.

వసారా చివర వల బాగుచేసుకుంటున్న ఆమె భర్త తలెత్తాడు. "చెప్పానా? ఉప్పు తగ్గితే చేప నిలవదని ఈ లంకలో చంటిపిల్లనడిగినా చెబుద్ది. ఫోనొచ్చాక నీకు తెలివెక్కువైంది."

"నాకు తెలీదనుకున్నావా మావా? భయపడే కదా ఒక్క సీసా చేసి అమ్మగారిని అడిగాను!" అని నా వైపు తిరిగింది. "మూడుసార్లు అడిగాను కదండీ. ఒక్కసారి, చెడిపోయిందే పిల్లా అంటే అక్కడితో ఆపేసేదాన్ని కదండీ."

ప్రభువును ఎరగనని ముమ్మారు బొంకిన శిష్యుడి గురించి నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అతనికి తప్పు గుర్తుచెయ్యడానికి కనీసం కోడి కూసింది. నాకు అదీ లేదు.

"నువ్వు బాధపడతావని..." అన్నాను.

"ఇప్పుడు పడట్లేదాండీ?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

తర్వాత ఫోన్ తీసుకుని కొన్నవాళ్లకు వరసగా చేసింది. నేను పక్కనే కూర్చున్నాను. తినకండి, పారేయండి, నాదే తప్పండీ అని ప్రతి ఒక్కరికీ అదే గొంతుతో చెప్పింది. ఒకాయన తిట్టాడు. "ఆయ్, అలాగేనండీ, తిట్టండి" అంది. ఒకావిడ, మేము తినేశాం, ఏమీ కాలేదు, నువ్వు బెంగ పెట్టుకోకు అంది. అప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుంది. అందరూ దొరికారు గాని వట్లూరులో ఒకరు ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

కొరియర్ చీటీ మీద అడ్రసుంది. నేను వెళ్తానన్నాను. గుమ్మం దాకా వచ్చి, "గ్రూపులో మాత్రం ఏం రాయకండమ్మగారూ. ముందు రాసింది తీసేయండి చాలు. రాస్తే నా ఎండు చేప కూడా ఎవరూ కొనరండీ" అంది. సరేనన్నాను. మళ్లీ ఒక మాట ఇచ్చేశాను.

వట్లూరులో ఆ ఇల్లు కాలేజీ వెనక వీధిలో ఉంది. తలుపు తీసింది మా ఆయన వయసున్న పెద్దమనిషి. పచ్చడి గురించి వచ్చానండీ అన్నాను. మొహం విప్పారింది.

"మీరేనా అమ్మా పచ్చడి పంపింది? అంతదూరం నుంచి ఎందుకొచ్చారమ్మా ఈ ఎండలో? కూర్చోండి, కూర్చోండి. బాగుందమ్మా. చాలా బాగుంది. మా ఇంటావిడకైతే..." అని ఆగాడు. లోపలి గదిలో ఎవరో మూలుగుతున్నారు. "ఆవిడకి కాస్త నలతగా ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఆయన నా కోసం అబద్ధం చెబుతున్నాడు. కష్టపడి బతికే ఆడమనిషి మనసు నొప్పించకూడదని, లోపల భార్య పడుకుని ఉండగా అబద్ధం చెబుతున్నాడు.

"నేను అమ్మినదాన్ని కాదండీ. గ్రూపులో రాసినదాన్ని" అన్నాను.

ఆయన మొహంలో మెత్తదనం అంతా పోయింది. "మీరా?" అన్నాడు. "టీచరుగారు మీరేనా? నాలుగు రోజులైందండీ ఆవిడ లేచి. పాడైందేమోనని నేనంటే, కాదు, టీచరుగారు సీసా అడుగంటేదాకా తిన్నామని రాశారని ఆవిడే పెట్టుకు తింది. మీరు తిన్నారాండీ అసలు?"

"మా ఆయన నాలుగు రోజులు తిన్నారండీ. పాడయ్యాక పాతిపెట్టాను."

ఆయన తిట్టలేదు. "పచ్చడి పెట్టినావిడ చేసింది చెయ్యి పొరపాటండీ. మీరు చేసింది అది కాదు" అని తలుపు దగ్గరకు వేశాడు. డాక్టరుకు చూపించారా అని మూసుకునే తలుపుతో అడిగాను. చూపించామన్న జవాబు లోపలినుంచి వినిపించింది.

ఏలూరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని రాశాను. రాయనని ఇచ్చిన మాట గుర్తుంది. కాని ఫోన్లో దొరికినవాళ్లు పదిమందే. నా మాట చదివి, ఇంట్లోనే ఉప్పు తగ్గించి చేప పచ్చడి పెట్టుకునేవాళ్ల నంబర్లు ఎవరి దగ్గరున్నాయి? ఆమె ఊరు, పేరు రాయలేదు. నేను మెచ్చుకున్న సీసాను నేనే పారేశానని, ఆ సంగతి చేసిన మనిషికి చెప్పలేదని, ఆమె అడిగినా చెప్పలేదని, ఉప్పు తగ్గిస్తే చేప పచ్చడి నిలవదని రాశాను. ఈసారి అలంకారాలేమీ లేవు.

పేరు రాయకపోయినా ఎవరి సీసానో అందరికీ తెలిసిపోయింది. గ్రూపులో ఆమె సరుకు ఫోటోల కింద పలకరింపులు ఆగిపోయాయి. మా సంఘంలో పెద్దావిడ కోలుకుని మందిరానికి వస్తోంది. వట్లూరు ఆవిడ లేచి తిరుగుతోందని పెద్దాయన రెండు ముక్కలు రాశాడు. నేను అడిగితేనే రాశాడు.

మొన్న ఆమెకు మెసేజ్ పెట్టాను. చేదుపరిగెలు ఉన్నాయా అమ్మా, ఉప్పు మామూలుగానే వేసి ఎండబెట్టినవి.

జవాబు గంటలో వచ్చింది. 'సరుకు లేదండీ.'

అంతకుముందు రోజే ఆమె గ్రూపులో తట్టల నిండా చేదుపరిగెల ఫోటో పెట్టింది. అమ్మగారూ అని పిలవలేదు. కాని అండీ మాత్రం మానలేదు. నేను చదివి, ఫోన్ బోర్లించి, మోకరించాను. ఆమె పేరు పైకి చెప్పి ప్రార్థన మొదలుపెట్టాను. రెండో మాట రాలేదు.