నర్సమ్మ కాలికి కొలిచిన కారు

కారు కొనేవాడెవడైనా ముందు మైలేజీ అడుగుతాడు. పెంటయ్య అడగలేదు. ఐటీ కంపెనీ దొరలను ఏళ్ల తరబడి తిప్పినవాడు, ఆ లెక్కలన్నీ అతనికి కంఠతా వచ్చు. మియాపూర్‌లో పాత కార్లమ్మే రంగనాథ్ ఏసీ గొప్ప, ఇంజను గొప్ప అని ఊదరగొడుతుంటే, "జర ఆగు సార్" అని భార్యను తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

నర్సమ్మ తెల్లాపూర్‌లో అపార్ట్‌మెంట్ల పనికి పోయి, ఇసుక తట్టతో సహా పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి మోకాలు కర్రలా బిగుసుకుంది. "రోజూ వచ్చి వంచే కసరత్తు చేయించుకోవాలి. అశ్రద్ధ చేస్తే ఇక వంగదు" అన్నాడు డాక్టరు. సర్కారు దవాఖాన చూస్తే వాళ్లుండే ఖాజాగూడకు ఆమడ దూరం. ఆటోలో పోతే కాలు బయటికి ఉండేది. ఒకసారి బైకువాడెవడో దాన్ని గుద్దుకుంటూ పోయాడు. అప్పటినుంచి ఆటో పేరెత్తితేనే ఆమె వణికిపోయేది.

అందుకే ఈ పరీక్ష. ఒక కారులో బొటనవేలు డాష్‌బోర్డుకు తగిలింది. ఇంకోదాంట్లో సీటు వెనక్కి జరగనని మొండికేసింది. మరోదాని తలుపు సగమే తెరుచుకుంది.

"నాకు కారేంది? మందిల నవ్వులపాలైతం, పోదాం పా" అంది నర్సమ్మ.

చివరికి ఒళ్లంతా గీతలుపడ్డ ఒక చిన్న తెల్లకారులో కాలు పూర్తిగా సాగింది, తలుపూ మూసుకుంది. పెంటయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి.

కొనడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. వాయిదాలు కట్టాలి గనక కారును హైటెక్ సిటీలో ఒక కంపెనీకి పెట్టాడు. పొద్దున ఉద్యోగులను తేవడం, సాయంత్రం దించడం, నడుమ నర్సమ్మను దవాఖానకు తీసుకుపోవడం. మోకాలు కొంచెం కొంచెం వంగుతూ వచ్చింది. ఆమె పీట మీద కూర్చుని వండే రోజు వస్తుందనుకున్నాడు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. కంపెనీలో కార్ల సంగతి చూసే కిరణ్ పాల్, "పగలంతా ఇక్కడే ఉండాలండి. కుదరదంటే వేరే బండి చూసుకుంటాం" అన్నాడు. కాదనే ధైర్యం పెంటయ్యకు లేకపోయింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అంటూ దాదాపు నెల నెట్టుకొచ్చాడు.

నర్సమ్మే అతన్ని ఓదార్చింది. "ఫికర్ చెయ్యకు. తెలంగాణ కోసం అందరు పనులు బంద్ పెట్టిండ్రు, నా కాలు జర ఆగదా?"

కాలు ఆగలేదు. పాపిష్టి కాలు, దానికి ఏ ఉద్యమమూ తెలియదు.

సమ్మె ముగిశాక దవాఖానకు పోయారు. డాక్టరు మోకాలు వంచబోతే నర్సమ్మ గది అదిరేలా అరిచింది. ఆయన చేయి తీసేశాడు.

"గట్టిపడిపోయింది. ఇక రానవసరం లేదు."

"రేపట్నుంచి దినాం వస్తం సార్" అన్నాడు పెంటయ్య. "రెండు పూటలన్న తోల్కస్త. బండి ఉన్నది సార్, సొంత బండి."

డాక్టరు లేచి చేతులు కడుక్కున్నాడు.

"కిందనే నిలబెట్టిన సార్. ఒక్కసారి చూడుండ్రి."

నర్సమ్మ బల్ల పట్టుకుని లేచి, మొగుడి భుజం మీద చేయి వేసింది. "పోదాం పా. పాపం ఆయనేం జేస్తడు."