పారేయలేని రాయి

యాదమ్మకు పది దాటితే లెక్క రాదు. ఆ సంగతి సైటులో అందరికీ తెలుసు. అందరూ ఆమెను ఆటపట్టించేవారు. నేనూ ఆ అందరిలో ఒకణ్ని.

అది పంతొమ్మిది వందల తొంభై ఏడు. మాదాపూర్‌లో ఎటు చూసినా బండలే. వాటిని పేల్చి, చదును చేసి, కంప్యూటర్ కంపెనీలకు భవనాలు కట్టాలి. నేను గుడివాడ నుంచి డిప్లొమా చంకన పెట్టుకుని వచ్చిన సూపర్‌వైజర్ని. పాతికేళ్లు నిండలేదు, లోకంలో నాకు తెలియనిది లేదు.

యాదమ్మది పాలమూరు వైపు ఊరు. నలభై దాటి ఉంటాయి. మొగుడు మల్లయ్య బండ దుమ్ము పీల్చి పీల్చి, దగ్గుతూ గుడిసెలో పడి ఉండేవాడు. ఎర్రజెండా పట్టుకుని మనుషుల్ని దూరంగా పంపడం ఆమె పని. మధ్యాహ్నం అన్నం వేళకు బండ రంధ్రాల్లో పేలుడు మందు తూటాలు పెట్టి వత్తులు అంటించేవారు. అంతకుముందే ఆమె సైటంతా తిరిగి, సిమెంటు సంచుల వెనక పడుకున్న ఎర్రకుక్కను కూడా బతిమాలి తోలుకొచ్చేది. తిక్కది అని నవ్వేవారు.

నవ్వు రాని సంగతి ఒకటుంది. ఒక్కో తూటా పెడుతుంటే ఆమె ఒక్కో గులకరాయి ఏరి కొంగులో వేసుకునేది. వేస్తూ ఏదో గొణిగేది. ఒకరోజు దగ్గరికెళ్లి విన్నాను.

“గిది చెన్నకేశవులు. గిది అమ్మణ్ణి. గిది రంగనాథ్ సారు.”

రంగనాథ్ అంటే నేనే. మిట్టమధ్యాహ్నం ఎండలో నా ఒళ్లు జలదరించింది. తూటా పేలినప్పుడల్లా ఆమె ఒక రాయి తీసి విసిరేసేది. కొంగు ఖాళీ అయ్యేదాకా బండ పేల్చిన గుంతలోకి ఎవరినీ దిగనిచ్చేది కాదు. అది చేతబడి అనుకుని కొందరు ఆమె చేతి నీళ్లు కూడా తాగేవారు కాదు.

“మా పేర్లెందుకు?” అని గద్దించాను.

“ఉత్త రాయైతే మర్సిపోత సారూ. మనిషైతే ఎట్ల మర్సిపోత?”

ఎండాకాలంలో ఒకరోజు పదకొండు తూటాలు పెట్టాం. సాయంత్రంలోగా కొలతలు కావాలని పెద్ద ఇంజనీరు రెండుసార్లు అరిచి వెళ్లాడు. మోత విన్నప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీస్తూ కూర్చున్నాను. పదకొండు గీతలు పడ్డాయి. ఆ తర్వాత కాకి కూడా అరవలేదు. ఎర్రకుక్క ఒక్కటే గుంత వైపు చూసి గుర్రుమంటోంది.

టేపు పట్టుకుని కదిలాను. యాదమ్మ దారికి అడ్డంగా కూర్చుని కొంగు విప్పింది. అందులో ఒక రాయి మిగిలి ఉంది.

“ఎవరిది?” అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

“నీదే సారూ.”

పక్కనున్న చెన్నకేశవులు, బండకు రంధ్రాలు వేసేవాడు, రెండడుగులు వెనక్కి వేశాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది.

“పది దాటితే లెక్క రాదు, నువ్వు నాకు చెబుతావా? పదకొండూ విన్నాను. లే.”

“చెవులకు వచ్చినయ్. కాళ్లకు ఒకటి తక్కువొచ్చింది. జర కూసో సారూ, చాయ్ తాగు.”

ఆమె ఎప్పుడూ చెప్పుల్లేకుండా బండ మీదే నిలబడేది. తప్పించుకుని వెళ్లబోతే నా రెండు కాళ్లూ వాటేసుకుంది. అందరూ చూస్తున్నారు. సిగ్గుతో చచ్చి కూలబడ్డాను. చాయ్ సగం తాగానో లేదో, నేల అదిరింది. గుంతలోంచి బండముక్కలు లేచి పడ్డాయి. ఆ వెంటనే ఎదుటి నుంచి ఇంకో మోత వచ్చింది.

ఎదుట కొత్త కాంక్రీటు గోడ. కిందటి నెల అది లేదు. ఆఖరి రెండు తూటాలూ ఆ గోడకు ఎదురుగా పెట్టాం. నేను గీసిన పదకొండో గీత, పదో మోతకు ఆ గోడ పలికిన ప్రతిధ్వని. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నాకోసమే పుట్టిన మాట.

యాదమ్మ నా రాయి విసిరేసి కళ్లు తుడుచుకుంది. తెలివి నాకుంది, మంచితనం ఆమెకుంది, ఎవరిది వాళ్లకు చాలు అనుకునేవాణ్ని. మనుషుల మీద అంత బెంగ ఉండబట్టే ఆమెకు బండ మాట తెలిసింది.

“మరి నీ రాయి ఏదమ్మా?” అని అడిగాను.

“నాది నేనెట్ల పట్టుకుంట సారూ? ఇంకొకలు పట్టాలె.”

అన్నాళ్లూ ఎవరూ పట్టలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే ఆమె ఎదుటే, ఆమె పేరు చెప్పి ఒక రాయి జేబులో వేసుకుని, ఆమె గుడిసె చేరాక విసిరేసేవాణ్ని.

మూడు నెలలకు మా బండ అయిపోయింది. కూలీలను లారీలో బాచుపల్లి వైపు ఇంకో బండకు పంపారు. మల్లయ్యనూ కుక్కనూ ఎక్కించి, తను ఎక్కబోతూ యాదమ్మ చెయ్యి చాపింది.

“నా రాయి ఇయ్యి సారూ. ఆడ ఎవలకన్నా ఇస్త.”

“రాళ్లకేం కరువు? అక్కడ ఇంకోటి ఏరుకుంటావులే” అన్నాను నవ్వుతూ. తెలివైన జవాబే.

“గట్లనా” అని ఎక్కేసింది.

ఆమె అడిగింది రాయి కాదని తట్టేసరికి లారీ మలుపు తిరిగింది. నెల తర్వాత బాచుపల్లి వెళ్లాను. పని ఆగిపోయి ఉంది. అక్కడున్న కాపలాదారు యాదమ్మ పేరే వినలేదన్నాడు. గుంత గట్టు మీద ఎర్రకుక్క ఒక్కటే ఉంది. నన్ను గుర్తుపట్టి తోక ఊపింది, మళ్లీ గుంత వైపు తిరిగి గుర్రుమంది.

ఆ రాయి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దుమ్ము దులిపినప్పుడల్లా మా ఆవిడ జయంతి, “ఇదెందుకండీ, పారేయనా?” అంటుంది.

మనిషి గుంతలోంచి బయటికి వచ్చిందని తెలిశాకే రాయి పారేయాలి. వద్దంటాను.